తగ్గి మళ్లీ వస్తున్న జ్వరం, పాత కవాటపు జబ్బు: ఎకోలో ఏమీ కనిపించకపోతే గుండెలో ఇన్‌ఫెక్షన్ లేనట్టేనా?

కృష్ణాతీరం (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మా బావమరిది ఆరోగ్యం విషయంలో కొంత స్పష్టత కోసం ఇక్కడ అడుగుతున్నాను. అతని వయసు 34 సంవత్సరాలు. చిన్నప్పుడు కీళ్లవాపులతో వచ్చిన జ్వరం వల్ల గుండెలోని మైట్రల్ కవాటం దెబ్బతిన్నదని హైస్కూలు రోజుల్లోనే తెలిసింది. కవాటం కొంత లీకవుతున్నా ఆపరేషన్ చేయవలసినంత స్థితి రాలేదని డాక్టర్లు చెబుతూ వచ్చారు. మూడు వారాలకొకసారి పెన్సిలిన్ సూది మాత్రం మానకుండా వేయించుకుంటున్నాడు. ఊళ్లో గేదెలను పెట్టుకొని పాల వ్యాపారం చేస్తాడు.

నెల రోజులకు పైగా అతనికి సాయంత్రం పూట చలితో జ్వరం వస్తున్నది. రాత్రి చెమటలు పట్టి తెల్లవారేసరికి దిగిపోతున్నది. మొదట ఊళ్లోని ఆర్‌ఎంపీ విడాల్ పరీక్ష చేయించి టైఫాయిడ్ అన్నారు. సెలైన్‌తో పాటు కొన్ని రోజులు సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు ఇచ్చారు. జ్వరం పూర్తిగా తగ్గింది, కానీ ఇంజెక్షన్లు ఆపిన కొద్ది రోజులకే మళ్లీ మొదలైంది. ఆకలి పోయింది, మనిషి బాగా చిక్కిపోయాడు, నాలుగు అడుగులు వేస్తే ఆయాసపడుతున్నాడు.

జిల్లా కేంద్రంలో గుండె డాక్టరు గారికి చూపించాం. ఛాతీ మీద నుంచి చేసిన ఎకోలో కవాటం మందంగా ఉన్నదని, లీకు పాతదేనని, కొత్తగా ఏమీ కనిపించలేదని రాశారు. హిమోగ్లోబిన్ తక్కువగా, ఈఎస్‌ఆర్ బాగా ఎక్కువగా ఉన్నాయి. మూత్రంలో ఎర్ర రక్తకణాలు కనిపించాయి. అయినా డాక్టరు గారు ఇది కవాటానికి పట్టిన బాక్టీరియా ఇన్‌ఫెక్షన్ కావచ్చునని అనుమానిస్తున్నారు. ఆస్పత్రిలో చేర్చుకొని, యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందే రక్తం మూడుసార్లు తీసి కల్చర్‌కు, అంటే అందులో బాక్టీరియా పెరుగుతుందేమో చూసే పరీక్షకు పంపాలని, ఆ తర్వాత గొంతులోంచి గొట్టం దింపి మరో ఎకో చేయాలని అంటున్నారు. జ్వరంతో ఉన్న మనిషికి మందు ఇవ్వకుండా రక్తం తీయడమేమిటని మా అత్తగారు, మామగారు కంగారు పడుతున్నారు.

ఒక ఎకోలో ఏమీ లేదన్న తర్వాత రెండోది ఎందుకు? ఇన్నేళ్లుగా పెన్సిలిన్ సూది వేయించుకుంటున్న మనిషికి ఈ ఇన్‌ఫెక్షన్ ఎలా వస్తుంది? కల్చర్‌లో ఏమీ పెరగకపోతే ఈ అనుమానం తొలగిపోయినట్టేనా? అసలు డాక్టర్లు ఈ జబ్బును ఏ ఆధారాలతో నిర్ధారిస్తారో తెలిసినవారు వివరించగలరు.

విశ్రాంత వైద్యాచార్యుడు

కృష్ణాతీరం గారూ, మీ డాక్టరు గారు వెళ్తున్న దారి సరైనదని ముందుగా చెబుతున్నాను. దయచేసి ఆలస్యం చేయకుండా అతన్ని ఆస్పత్రిలో చేర్పించండి. కవాటపు జబ్బు ఉన్న మనిషికి కారణం తేలని జ్వరం వారానికి మించి సాగినప్పుడు, అది వేరే జబ్బని రుజువయ్యే వరకు కవాటపు ఇన్‌ఫెక్షన్‌గానే అనుమానించాలన్నది మేము విద్యార్థులకు ఏటా చెప్పిన పాఠం.

గుండె లోపలి పొరకు, ముఖ్యంగా కవాటాలకు సోకే ఈ ఇన్‌ఫెక్షన్‌ను ఇన్‌ఫెక్టివ్ ఎండోకార్డైటిస్ అంటారు. ఆరోగ్యంగా ఉన్న కవాటం నునుపుగా ఉంటుంది కనుక రక్తంలో తిరిగే బాక్టీరియా దానిని అంత సులభంగా పట్టుకోలేదు. రుమాటిక్ జ్వరం, అంటే మీరు చెప్పిన కీళ్లవాపుల జ్వరం వల్ల గరుకెక్కిన కవాటం మీద, లీకయ్యే రక్తపు ధార తగిలే చోట, సన్నని రక్తపు గడ్డ ఏర్పడుతుంది. చిగుళ్ల నుంచో చర్మం నుంచో రక్తంలోకి వచ్చిన బాక్టీరియా దాని మీద స్థిరపడి, తన చుట్టూ రక్తాన్ని గడ్డకట్టించే ఫైబ్రిన్ పోగులను, ప్లేట్‌లెట్లను పేర్చుకుంటూ పెరుగుతుంది. ఈ బొడిపెలనే వెజిటేషన్లు అంటారు. కవాటానికి సొంత రక్తనాళాలు దాదాపుగా ఉండవు కనుక శరీరపు రక్షణ కణాలు ఆ ముద్ద లోపలికి చేరలేవు. మందు కూడా చాలా ఎక్కువ మోతాదులో, వారాల తరబడి ఇస్తే తప్ప లోపలిదాకా పనిచేయదు. ఆర్‌ఎంపీ ఇచ్చిన ఇంజెక్షన్లకు జ్వరం తగ్గి మళ్లీ రావడానికి ఇదే కారణం కావచ్చు: రక్తంలో తిరుగుతున్న బాక్టీరియా చనిపోయి ఉంటుంది, కవాటం మీదిది మిగిలి ఉంటుంది.

పెన్సిలిన్ సూది గురించి చాలా కుటుంబాలు ఇలాగే అనుకుంటాయి కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. మూడు వారాలకొకసారి వేసే బెంజథిన్ పెన్సిలిన్ ఒక్క పనికే ఉద్దేశించినది. గొంతులో చేరే గ్రూప్ ఎ స్ట్రెప్టోకాకస్‌ను అడ్డుకొని, రుమాటిక్ జ్వరం తిరగబెట్టకుండా, కవాటం ఇంకా పాడవకుండా అది కాపాడుతుంది. ఆ బాక్టీరియాకు అతి తక్కువ పెన్సిలిన్ చాలు, అందుకే వారాల పాటు రక్తంలో నిలిచే ఆ కొద్దిపాటి మందు సరిపోతుంది. నోట్లో ఉండే విరిడాన్స్ జాతి స్ట్రెప్టోకాకస్‌లకు, చర్మం మీది స్టాఫైలోకాకస్‌కు, పేగుల్లోని ఎంటరోకాకస్‌కు ఆ మోతాదు అడ్డు కాదు. కాబట్టి అతను సూది మానకుండా వేయించుకోవడం ఎంతో మంచి పని, మానకూడదు కూడా. అది కవాటపు ఇన్‌ఫెక్షన్‌కు రక్షణ కాదన్నది వేరే సంగతి.

ఇక మొదటి ఎకో. ఛాతీ మీద ప్రోబ్ పెట్టి చేసే ఎకో, కృత్రిమమైనవి కాని సొంత కవాటాల మీది వెజిటేషన్లను సుమారు 70 శాతం సందర్భాల్లో పట్టుకోగలుగుతుంది. అంటే పది మందిలో ముగ్గురికి జబ్బు ఉన్నా అది కనిపించకపోవచ్చు. మీ బావమరిది కవాటం ముందే మందమెక్కి ఉన్నది; అటువంటి కవాటం మీద పాత గరుకేదో కొత్త బొడిపె ఏదో విడదీసి చెప్పడం అనుభవజ్ఞులకూ కష్టమే. అన్నవాహిక గుండెకు సరిగ్గా వెనుక ఆనుకొని ఉంటుంది, కనుక అక్కడి నుంచి చూసినప్పుడు పక్కటెముకలు, ఊపిరితిత్తులు అడ్డు రావు, మైట్రల్ కవాటం ఎంతో దగ్గరగా, స్పష్టంగా కనిపిస్తుంది. దానినే టీఈఈ అంటారు. అది 90 శాతానికి పైగా వెజిటేషన్లను పట్టుకుంటుంది. అందులో కూడా ఏమీ కనిపించకుండా అనుమానం మాత్రం బలంగా మిగిలితే, ఐదు నుంచి ఏడు రోజుల్లో మరోసారి చేస్తారు, ఎందుకంటే మొదటి రోజున మిల్లీమీటరు రెండు మిల్లీమీటర్లున్న బొడిపె వారానికి కనిపించేటంత పెరగవచ్చు.

నిర్ధారణ ఏ ఒక్క పరీక్ష మీదా ఆధారపడదు. 1994లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ వైద్యులు కొన్ని ప్రమాణాలను రూపొందించారు. వాటిని 2000లో ఒకసారి, 2023లో మరోసారి సవరించారు. ఈ పద్ధతిలో ఆధారాలను పెద్దవి, చిన్నవి అని రెండు తరగతులుగా లెక్కిస్తారు. తగిన బాక్టీరియా ఒకటికి మించిన కల్చర్లలో పెరగడం ఒక పెద్ద ఆధారం. ఎకోలో గానీ, గుండె సీటీ స్కాన్‌లో గానీ వెజిటేషన్, చీముగడ్డ, కవాటానికి చిల్లు వంటివి కనిపించడం మరొక పెద్ద ఆధారం. ముందునుంచే కవాటపు జబ్బు ఉండటం, 38 డిగ్రీల సెల్సియస్‌కు మించిన జ్వరం, రక్తప్రవాహంలో ముక్కలు కొట్టుకుపోయి మెదడులోనో ప్లీహంలోనో చిక్కుకున్న గుర్తులు, రుమటాయిడ్ ఫ్యాక్టర్ అనే ప్రతిరక్షకం రక్తంలో పాజిటివ్ కావడం లేదా మూత్రపిండాల్లో ఒక రకమైన వాపు రావడం వంటి రోగనిరోధక చర్యల గుర్తులు చిన్న ఆధారాలు. రెండు పెద్దవి, లేదా ఒక పెద్దది మూడు చిన్నవి, లేదా ఐదు చిన్నవి ఉంటే జబ్బు ఖాయం. ఒక పెద్దది ఒక చిన్నది, లేదా మూడు చిన్నవి ఉంటే జబ్బు ఉండే అవకాశం ఉన్నట్టు.

మీ బావమరిది విషయంలో చూస్తే, పాత కవాటపు జబ్బు ఒకటి, జ్వరం ఒకటి, ఈ రెండు చిన్న ఆధారాలు ఇప్పటికే చేతిలో ఉన్నాయి. మూత్రంలో ఎర్ర కణాలు మూత్రపిండాల వాపు వల్లనే అని తేలినా, రుమటాయిడ్ ఫ్యాక్టర్ పాజిటివ్‌గా వచ్చినా మూడోది చేరుతుంది. కల్చర్లు పాజిటివ్‌గా వచ్చి, టీఈఈలో వెజిటేషన్ కూడా కనిపిస్తే ఇక సందేహానికి తావుండదు. మీ డాక్టరు గారు అడుగుతున్న రెండు పరీక్షలూ సరిగ్గా ఆ రెండు పెద్ద ఆధారాల కోసమే.

చేతులు, కాళ్లు, కళ్లు కూడా పరిశీలించమని అడగండి. గోళ్ల కింద పుల్లల్లా నిలువుగా కనిపించే సన్నని రక్తపు గీతలు, అరచేతుల్లో, అరికాళ్లలో నొప్పిలేని ఎర్రమచ్చలు, వేళ్ల కొసల్లో ముట్టుకుంటే నొప్పిపెట్టే చిన్న గడ్డలు, కింది కనురెప్ప లోపల రక్తపు చుక్కలు, కంటి వెనుక పొరలో మధ్యలో తెల్లగా ఉండే రక్తపు మచ్చలు ఈ జబ్బును పట్టిస్తాయి. వేళ్ల కొసల గడ్డలకు విలియం ఆస్లర్ పేరు పెట్టారు. ఈ జబ్బు గురించి ఆయన 1885లో లండన్‌లో చేసిన ప్రసంగాలు దాని స్వరూపాన్ని వైద్యలోకానికి తెలియజేశాయి. ఈ గుర్తులు ఇప్పుడు చాలామందిలో కనిపించవు. కానీ మన ప్రాంతంలో రోగులు ఆలస్యంగా వస్తారు కనుక ఇక్కడ వాటిని వెతకడం వృథా కాదు. ఈసీజీ కూడా రోజూ తీయాలి. గుండెలో విద్యుత్ ప్రసరణ నెమ్మదిస్తున్నట్టు కొత్తగా కనిపిస్తే, ఇన్‌ఫెక్షన్ కవాటాన్ని దాటి పక్క కండరంలోకి, ముఖ్యంగా బృహద్ధమని మొదలు దగ్గరకు, చీముగా పాకిందేమోనని చూడవలసి ఉంటుంది.

సూక్ష్మజీవి ప్రయోగశాల

ఆచార్యుల వారు చెప్పినదానికి కల్చర్ వైపు నుంచి కొన్ని విషయాలు చేరుస్తాను. నేను మైక్రోబయాలజీ విభాగంలో పనిచేస్తాను. ఈ జబ్బులో మా వద్దకు వచ్చే సీసాల్లో ఎక్కువ భాగం రోగి అప్పటికే యాంటీబయాటిక్ తీసుకున్న తర్వాత పంపినవి. అది చూసిన ప్రతిసారీ బాధగానే ఉంటుంది. ఏ బాక్టీరియానో తెలియకపోతే ఆ తర్వాతి ఆరు వారాల చికిత్స అంచనా మీదనే నడపాలి.

మీ అత్తమామలకు ఇలా చెప్పి చూడండి. రక్తం తీయడానికి పట్టేది కొద్ది గంటలే. రోగి పరిస్థితి విషమంగా ఉంటే, అంటే బీపీ పడిపోవడం, గుండె ఆడటం మందగించి ఊపిరాడకపోవడం, స్పృహ తప్పడం వంటివి ఉంటే, అన్ని సెట్లనూ వెనువెంటనే వేర్వేరు నరాల నుంచి తీసి మందు మొదలుపెడతారు. స్థిమితంగా ఉన్న రోగిలో కాస్త వ్యవధి ఇచ్చి తీయవచ్చు. రెండు సందర్భాల్లోనూ మందు ఆపడం లేదు, రక్తాన్ని దానికంటే ముందు ఉంచుతున్నారంతే.

ఒక సెట్ అంటే రెండు సీసాలు: ఆక్సిజన్‌తో పెరిగే వాటికి ఒకటి, ఆక్సిజన్ లేకుండా పెరిగే వాటికి ఒకటి. పెద్దవారికి ఒక్కో సీసాలో 8 నుంచి 10 మిల్లీలీటర్ల రక్తం పడాలి. ఇది చాలా ముఖ్యం, ఎందుకంటే ఈ జబ్బులో ఒక మిల్లీలీటరు రక్తంలో ఉండే బాక్టీరియా కణాలు చాలాసార్లు పదికి మించవు. రెండు మిల్లీలీటర్లు తీసి పంపిన సీసాలో ఏమీ పెరగకపోతే దానికి విలువ ఇవ్వలేము. మూడు సెట్లు, మూడు వేర్వేరు చోట్ల నుంచి, చర్మాన్ని క్లోర్‌హెక్సిడిన్ స్పిరిట్‌తో తుడిచి, అది ఆరిన తర్వాత తీయాలి. చేతికి ముందే వేసి ఉన్న సెలైన్ క్యాన్యులా నుంచి తీయకూడదు. చలి వచ్చేదాకా ఆగి తీయాలన్న అలవాటు చాలాచోట్ల ఉన్నది. ఈ జబ్బులో అది అవసరం లేదు. కవాటం మీది ముద్ద నుంచి బాక్టీరియా రక్తంలోకి నిరంతరం రాలుతూనే ఉంటుంది, కనుక జ్వరం లేని ఉదయం తీసినా దొరుకుతుంది. నిజానికి మూడు సెట్లలోనూ ఒకే బాక్టీరియా పెరిగితే, ఆ నిరంతరతే కవాటం వైపు వేలు చూపిస్తుంది. ఒక్క సీసాలో మాత్రమే చర్మపు స్టాఫైలోకాకస్ పెరిగితే అది సూది గుచ్చేటప్పుడు చేరిన మాలిన్యం కావచ్చు. ఒకే సెట్ పంపినప్పుడు ఆ తేడా చెప్పడం మాకు సాధ్యం కాదు.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. ఆస్ట్రియాకు చెందిన సంగీతకర్త గుస్తాఫ్ మాలర్‌కు కూడా మీ బావమరిదికి ఉన్నట్టే మైట్రల్ కవాటపు జబ్బు ఉండేది. 1911లో న్యూయార్క్‌లో ఆయనకు జ్వరం తగ్గకపోవడంతో మౌంట్ సైనాయ్ ఆస్పత్రి వైద్యులు ఆయన చేతి నుంచి 20 మిల్లీలీటర్ల రక్తం తీసి కల్చర్ చేశారు. నాలుగైదు రోజుల్లో స్ట్రెప్టోకాకస్ పెరిగింది. నిర్ధారణ అంత కచ్చితంగా జరిగినా, పెన్సిలిన్ లేని ఆ రోజుల్లో చేయగలిగినది లేక ఆయన అదే ఏడాది మే నెలలో వియన్నాలో చనిపోయారు. నేడు ఒక సెట్‌కు మేము అడిగే రక్తం ఇంచుమించు అంతే. చికిత్స మాత్రం ఇప్పుడు ఉన్నది.

ఇప్పుడు యంత్రాలు సీసాలను నిరంతరం గమనిస్తూ, బాక్టీరియా వదిలే కార్బన్ డయాక్సైడ్‌ను పసిగడతాయి. సాధారణంగా పెరిగేవి రెండు రోజుల్లోపే బయటపడతాయి; నోట్లో ఉండి నిదానంగా పెరిగే హాసెక్ అనే బాక్టీరియా జాతులు కూడా ఐదు రోజుల్లో వస్తాయి. ఆ తర్వాత కూడా ఏమీ రాకపోతే, మీరు అడిగినట్టు, అనుమానం తొలగిపోయినట్టు కాదు. మొదట చూడవలసినది ఇంతకుముందు వాడిన మందు. సెఫ్ట్రియాక్సోన్ ఎన్ని రోజులు, ఎప్పటివరకు ఇచ్చారో ఆర్‌ఎంపీని అడిగి తేదీలతో సహా మీ డాక్టరు గారికి చెప్పండి. రోగి స్థిమితంగా ఉంటే ఇంకొన్ని రోజులు ఆగి మళ్లీ కల్చర్ తీయాలా అన్నది ఆయనే నిర్ణయిస్తారు. రెండోది, మా సీసాల్లో పెరగని బాక్టీరియా. మీ బావమరిది గేదెలతో పనిచేస్తున్నారని రాశారు. ఈ సంగతి డాక్టరు గారికి చెప్పారా? పశువుల ఈనిక సమయంలో, మాయ, ఉమ్మనీరు తగిలినప్పుడు మనిషికి సోకే క్యూ జ్వరం, పచ్చిపాలతోనూ పశువులతోనూ వచ్చే బ్రూసెల్లా, పిల్లుల వల్ల, పేల వల్ల వచ్చే బార్టొనెల్లా, ఈ మూడూ కవాటాన్ని పట్టగలవు. క్యూ జ్వరానికి, బార్టొనెల్లాకు రక్తంలోని ప్రతిరక్షకాలను కొలిచే పరీక్ష చేస్తారు. క్యూ జ్వరంలో ఫేజ్ 1 ఐజీజీ అనే ప్రతిరక్షకపు స్థాయి 1:800 లేదా అంతకు మించి ఉంటే దానినే పెద్ద ఆధారంగా లెక్కిస్తారు. బ్రూసెల్లా కొన్నిసార్లు ఆలస్యంగా పెరుగుతుంది, పైగా ప్రయోగశాలలో పనిచేసేవారికి సోకే ప్రమాదం ఉన్నది కనుక ఆ అనుమానం ఉంటే ల్యాబుకు ముందే చెప్పడం అందరికీ మంచిది. కవాటాన్ని ఆపరేషన్‌లో తీసినట్లయితే, ఆ ముక్కను పారవేయకుండా కల్చర్‌కు, పీసీఆర్ అనే జన్యు పరీక్షకు పంపాలి.

విడాల్ గురించి ఒక్క మాట. టైఫాయిడ్ తరచుగా ఉండే మన ప్రాంతంలో పాత ఇన్‌ఫెక్షన్ వల్లనో, టీకా వల్లనో, మరో జబ్బు వల్లనో కూడా విడాల్ పాజిటివ్‌గా వస్తుంది. ఒకే ఒక్క విడాల్ చూసి టైఫాయిడ్ అని నిర్ధారించడం ఎంతమాత్రం సరికాదు. టైఫాయిడ్‌కు కూడా నమ్మదగిన పరీక్ష బ్లడ్ కల్చరే.

గోదారి ఆడపడుచు

అన్నయ్యగారూ, గొట్టం వేసే ఎకో గురించి ఇంట్లో భయపడుతున్నట్టున్నారు కనుక రాస్తున్నాను. మా వారికి పుట్టుకతోనే బృహద్ధమని కవాటానికి మూడు రేకులకు బదులు రెండే ఉన్నాయి. ఆయనకు ఇదే ఇన్‌ఫెక్షన్ వచ్చినప్పుడు టీఈఈ చేశారు. ఆరు గంటలు ఏమీ తినకుండా ఉండమన్నారు. గొంతు మొద్దుబారేలా మందు చల్లి, నిద్రమత్తు వచ్చే ఇంజెక్షన్ కొద్దిగా ఇచ్చి, ఎడమవైపు తిప్పి పడుకోబెట్టి, పళ్ల మధ్య చిన్న రింగు పెట్టి గొట్టం దింపారు. అరగంట లోపే అయిపోయింది. ఆ రోజంతా గొంతు కాస్త మంటగా ఉన్నదన్నారు, అంతకు మించి ఇబ్బంది లేదు. గొంతు మొద్దు విడేదాకా నీళ్లు కూడా ఇవ్వవద్దని నర్సు గట్టిగా చెప్పారు, అది పాటించండి. కట్టుడు పళ్లు ఉన్నా, మింగేటప్పుడు అడ్డుపడే ఇబ్బంది ఉన్నా, కాలేయపు జబ్బు ఉన్నా ముందే చెప్పాలి.

వారాల తరబడి ఆస్పత్రిలో ఉండవలసి వస్తుంది కనుక ఖర్చు విషయం మొదటి రోజే చూసుకోవడం మేలు. ఆరోగ్యశ్రీ కార్డు ఉంటే, ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్ర వద్దకు వెళ్లి మందుల చికిత్సకు ఎంతవరకు, కవాటం ఆపరేషన్ అవసరమైతే దానికి ఎంతవరకు వర్తిస్తుందో అడిగి తెలుసుకోండి.

పాలమూరు వాసి

ఈ చర్చ చదువుతుంటే ఒక సందేహం వచ్చింది. మా నాన్నగారికి గుండె చుట్టూ నీరు చేరిందని, అది టీబీ వల్ల అని చెప్పి మందులు వాడుతున్నారు. టీబీ కూడా బాక్టీరియానే కదా, అయితే అది కూడా ఇదే జబ్బా?

విశ్రాంత వైద్యాచార్యుడు

కాదండీ. మీ నాన్నగారిది గుండె బయటి పొరకు, అంటే పెరికార్డియానికి వచ్చిన జబ్బు. అక్కడ వెజిటేషన్లు ఉండవు. రెండు పొరల మధ్య నీరు చేరి గుండెను బయటి నుంచి నొక్కుతుంది. ఎకోలో నీరు స్పష్టంగా తెలుస్తుంది, కానీ అది ఎందుకు చేరిందో ఎకో చెప్పలేదు. వీలైనప్పుడు సూదితో కొంత నీరు తీసి ఏడీఏ అనే ఎంజైము స్థాయి, కణాలు, టీబీ కల్చర్, టీబీ బాక్టీరియా జన్యువులను వెతికే సీబీనాట్ పరీక్షలు చేస్తారు. ఆ నీటిలో టీబీ బాక్టీరియా చాలా తక్కువగా ఉంటుంది కనుక సీబీనాట్ నెగటివ్ వచ్చినంత మాత్రాన టీబీ లేదని అనరు. ఏడీఏ 40 యూనిట్లకు మించి ఉండి, మిగతా లక్షణాలు సరిపోతే చికిత్స ఇస్తారు. జ్వరం తగ్గినా ఆరు నెలల మందులు పూర్తిగా వాడించండి. కాళ్ల వాపు, పొట్ట ఉబ్బడం, మెడ నరాలు పొంగడం వంటివి తర్వాత కనిపిస్తే, పొర గట్టిపడి గుండెను బిగించిందేమో చూపించాలి. స్టాఫైలోకాకస్ వంటి బాక్టీరియా వల్ల ఆ పొరల మధ్య చీము చేరడం వేరు. అది గంటల్లో ప్రాణం మీదికి తెస్తుంది, చీమును వెంటనే తీయవలసిందే. మధ్యనున్న గుండె కండరానికి బాక్టీరియా వల్ల వచ్చే జబ్బు అరుదు. కంఠసర్పిలో బాక్టీరియా గొంతులోనే ఉండి, అది వదిలే విషం కండరాన్ని దెబ్బతీస్తుంది. దానిని ఈసీజీ, ట్రోపోనిన్ అనే రక్తపరీక్ష, ఎకోలతో కనిపెడతారు.

కృష్ణాతీరం

అందరికీ కృతజ్ఞతలు. మీరు చెప్పినవి ఇంట్లో చదివి వినిపించాను, మా మామగారు ఒప్పుకున్నారు. బావమరిదిని ఆస్పత్రిలో చేర్చాం. మూడు సెట్ల రక్తం తీసిన తర్వాతనే మందు మొదలుపెట్టారు. మూడింటిలోనూ స్ట్రెప్టోకాకస్ సాంగ్వినిస్ పెరిగిందని రిపోర్టు వచ్చింది. టీఈఈలో మైట్రల్ కవాటం ముందు రేకు మీద 9 మిల్లీమీటర్ల వెజిటేషన్ ఉన్నదన్నారు. ఇది నోట్లో ఉండే బాక్టీరియా అని, పళ్లు చూపించాలని చెప్పారు; అతనికి రెండు దవడ పళ్లు చాలాకాలంగా పుచ్చి ఉన్నాయి. ఇప్పుడు మా భయమంతా ఆ ముక్క ఊడి మెదడుకు పోతుందేమోనని. ఆపరేషన్ వెంటనే చేయించాలా? ఇకముందు పళ్ల విషయంలో ఏం జాగ్రత్త తీసుకోవాలి?

సూక్ష్మజీవి ప్రయోగశాల

మూడు సెట్లూ పాజిటివ్ కావడం మంచి వార్తగానే తీసుకోండి, ఎందుకంటే ఇప్పుడు మందును గురిచూసి ఇవ్వవచ్చు. రిపోర్టులో పెన్సిలిన్ ఎంఐసీ ఎంత అని ఉన్నదో చూడండి, లేకపోతే అడగండి. ఆ బాక్టీరియాను పెరగకుండా ఆపడానికి కనీసం ఎంత మందు కావాలో చెప్పే సంఖ్య అది. లీటరుకు 0.125 మిల్లీగ్రాములు లేదా అంతకంటే తక్కువ ఉంటే పెన్సిలిన్ గానీ సెఫ్ట్రియాక్సోన్ గానీ ఒక్కటే నాలుగు వారాలు సరిపోవచ్చు. అంతకు మించితే మోతాదు పెంచవలసి, మరో మందు జతచేయవలసి రావచ్చు. ఏళ్ల తరబడి పెన్సిలిన్ తీసుకున్న మనిషి నోట్లో ఆ మందుకు కొంత అలవాటుపడిన జాతులు ఉండే అవకాశం ఉన్నది కనుక మీ బావమరిది విషయంలో ఈ సంఖ్య తప్పనిసరిగా తెలియాలి. మందు మొదలుపెట్టిన తర్వాత కూడా రక్తం శుభ్రపడేదాకా ఒకటి రెండు రోజులకొకసారి కల్చర్ తీస్తారు, మళ్లీ ఎందుకని అడ్డుచెప్పవద్దు.

విశ్రాంత వైద్యాచార్యుడు

ఇప్పుడు రెండు పెద్ద ఆధారాలూ చేరాయి, కాబట్టి నిర్ధారణ పూర్తయింది. మీ భయం సహజమైనదే. ముక్కలు ఊడి వెళ్లే ప్రమాదం మొదటి రెండు వారాల్లో ఎక్కువ. సరైన యాంటీబయాటిక్ పడుతున్న కొద్దీ అది వేగంగా తగ్గుతుంది. అంటే ఆ ప్రమాదానికి మొదటి విరుగుడు ఇప్పుడు నడుస్తున్న ఇంజెక్షన్లే. ఆపరేషన్ ఎప్పుడు అవసరమంటే, కవాటం చెడి గుండె వైఫల్యం వచ్చినప్పుడు, సరైన మందు ఇస్తున్నా రక్తంలో బాక్టీరియా పోనప్పుడు, చీముగడ్డ ఏర్పడినప్పుడు, 10 మిల్లీమీటర్లు లేదా అంతకు మించిన వెజిటేషన్ ఉండి ముక్క ఒకటి అప్పటికే ఊడి వెళ్లినప్పుడు. మీ బావమరిదిది 9 మిల్లీమీటర్లు. అది హద్దుకు దగ్గరగానే ఉన్నది, పైగా అతనికి మొదటి నుంచీ ఆయాసం ఉన్నదని రాశారు. కనుక గుండె శస్త్రచికిత్స నిపుణులు కూడా ఇప్పుడే ఒకసారి చూసి ఉంచాలని అడగండి. ఆపరేషన్ వెంటనే చేయాలని కాదు. అవసరం పడిన రోజున కొత్తగా మొదలుపెట్టకుండా ఉండటానికి. నోరు వంకర పోవడం, మాట తడబడటం, చేయి కాలు బలహీనపడటం, ఎన్నడూ లేనంత తలనొప్పి, ఉన్నట్టుండి ఎడమ పక్కటెముకల కింద పోటు, ఒక కాలు చల్లబడటం, వీటిలో ఏది కనిపించినా నిమిషాల్లో డ్యూటీ డాక్టరుకు చెప్పాలి. రక్తం పలుచబడే మందులు ఇంతకుముందు ఏవైనా వాడుతున్నాడా, గుండె లయ తప్పుతున్నదా అన్నది కూడా చెప్పండి. ఈ సమయంలో ఆ మందులను ఎలా వాడాలన్నది జాగ్రత్తగా తూచి నిర్ణయిస్తారు.

పుచ్చిన పళ్లకు చికిత్స ఈ ఆస్పత్రి బసలోనే, యాంటీబయాటిక్ నడుస్తుండగానే చేయించడం ఉత్తమం. ఆ తర్వాతి జాగ్రత్త జీవితాంతం. రోజువారీ పళ్లు తోముకోవడం, ఆరు నెలలకొకసారి దంతవైద్యునికి చూపించుకోవడం అన్నిటికంటే ముఖ్యం, ఎందుకంటే చిగుళ్లు వాచి ఉంటే నమిలిన ప్రతిసారీ బాక్టీరియా రక్తంలోకి పోతుంది. కవాటం ఇన్‌ఫెక్షన్ ఒకసారి వచ్చినవారు అత్యధిక ప్రమాదం ఉన్న వర్గంలోకి వస్తారు. కనుక ఇకమీదట పన్ను తీయించుకోవడం, చిగుళ్ల శుభ్రత వంటి రక్తం వచ్చే పనులకు ముందు ఒక మోతాదు యాంటీబయాటిక్ వేసుకోవాలి. సాధారణంగా దీనికి 2 గ్రాముల అమాక్సిసిలిన్‌ను పనికి అరగంట నుంచి గంట ముందు ఇస్తారు. అయితే మీ బావమరిది మూడు వారాల పెన్సిలిన్ సూది కొనసాగిస్తాడు కనుక, నోటిలోని బాక్టీరియా ఆ వర్గపు మందులకు లొంగకపోవచ్చు. అటువంటివారికి అజిత్రోమైసిన్ లేదా డాక్సీసైక్లిన్ వంటి వేరే వర్గపు మందు ఎంచుకోవాలన్నది అమెరికా హృద్రోగ సంఘం సూచన. చాలామంది దంతవైద్యులకు రోగి ఈ సూది వేయించుకుంటున్నాడన్న సంగతే తెలియదు, ఎవరూ అడగరు, రోగీ చెప్పడు. అందుచేత ఇంటికి పంపేటప్పుడు ఏ బాక్టీరియా, దాని ఎంఐసీ ఎంత, చివరి ఎకోలో కవాటం ఎలా ఉన్నది, పళ్ల పనికి ముందు ఏ మందు వేసుకోవాలి అన్నవి డిశ్చార్జి కాగితంలోనే రాసిమ్మని మీ డాక్టరు గారిని అడగండి. ఆ కాగితం నకలు ఒకటి ఇంట్లో, ఒకటి ఊళ్లోని ఆర్‌ఎంపీ వద్ద ఉంచండి. మళ్లీ ఎప్పుడు జ్వరం వచ్చినా, యాంటీబయాటిక్ ఇచ్చే ముందు బ్లడ్ కల్చర్‌కు పంపాలని దాని మీద పెద్ద అక్షరాలతో రాయించండి.